పేరు పెట్టి పిలవని అడవి

పోయిన వారం వనజను పోచారం అడవి అంచున, సినిమావాళ్ళ టెంటు ముందర, కొంగు చేతికి చుట్టుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, మనం మన పనుల్లో పడి తిరిగినన్నాళ్ళూ ఆమె అక్కడే నిలబడి ఉంది. కొత్తగా చేరినవాళ్ళ కోసం జరిగింది రెండు మాటల్లో చెప్పుకుని ఆమె దగ్గరికి పోదాం.

వనజది ఎల్లారెడ్డి. మొగుడు లక్ష్మీరాజం బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఆమె ఇంట్లో కూచుని బీడీలు చుడుతుంది. రెండేళ్ళ కింద కార్తీకంలో ఇంటిల్లిపాదీ ఈ అడవికే వంటలకు, అదే వనభోజనాలకు, వచ్చారు. తల్లి పొయ్యి దగ్గర పూరీలు కాలుస్తుండగా ఏడేళ్ళ తార కనిపించకుండా పోయింది. తెల్లారి చెరువు వెనక, బండల కింద నీళ్ళలో దొరికింది. కాళ్ళకు పట్టగొలుసులు లేవు. అప్పటి నుంచి అత్త భూదవ్వ నోట ఒకటే మాట, పిల్లను చూసుకోను చేతగాని తల్లి అని. ఊరు కూడా అదే పాట అందుకుంది. లక్ష్మీరాజం మాత్రం ఒక్క మాటా అనలేదు. అనకపోగా పెళ్ళాంతో మాట్లాడటమే మానేశాడు. ఆకలైతే గోడ వైపు చూసి "అన్నం పెట్టమను" అంటాడు. గోడ వింటుంది, వనజ వడ్డిస్తుంది. సంసారం అలా నడుస్తోంది.

ఇక అభిలాష్. వనజకు ఒక్కగానొక్క తమ్ముడు. కామారెడ్డిలో పెళ్ళి వీడియోలు తీసుకుంటూ, ఉన్నదంతా ఊడ్చి ఇప్పుడు సొంతంగా సినిమా మొదలుపెట్టాడు. బిడ్డ పోయిన ఇంటివాళ్ళు అడవిలో ఒంటరిగా ఉంటారు, దుఃఖమే దయ్యమై వాళ్ళను పీక్కుతింటుంది. అదీ కథ. "మన కథ గాదక్కా, ఒట్టు. అంత ఊహనే" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తల్లి వేషం వేసే ఆమెకు పిలవడం ఎలాగో చూపించి పొమ్మని కాళ్ళావేళ్ళా పడ్డాడు. వనజ అత్తతో పుట్టింటికి పోతున్నానని అబద్ధమాడి బస్సెక్కింది.

తమ్ముడి మీద ప్రేమతో వచ్చిందనుకుంటే పొరపాటే. తన తప్పు ఎక్కడ జరిగిందో చూసుకుందామని వచ్చింది. పిల్ల వెళ్ళిపోతుంటే తను ఎటు తిరిగి ఉంది? పొయ్యికి, పొదలకు మధ్య ఎంత దూరం? రెండేళ్ళుగా ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించినప్పుడల్లా ఈ అడవే ఆమె ఒళ్ళోకి వచ్చి కూచుంటోంది. ఇక్కడికి రానిచ్చినవాళ్ళు మాత్రం లేరు. తప్పు తనదేనని వనజ ఎప్పుడో ఒప్పేసుకుంది. అది ఏ తప్పో తెలిస్తే, కనీసం దాని పేరు చెప్పుకుని ఏడవొచ్చని ఆమె ఆశ.

టెంటు అన్నాను గానీ, పెద్దగా ఊహించుకోకండి. పెళ్ళి పందిరికి వేసే నీలం గుడ్డను నాలుగు కట్టెలకు కట్టారు. కింద ఒక జనరేటరు, రెండు లైట్లు, ఒక కెమెరా, దాని వెనక డేవిడ్ అనే గడ్డపు మనిషి. అంతే. అయినా అభిలాష్ మెడలో ఈల వేసుకుని, టోపీ తిరగేసి పెట్టుకుని, పదిమంది కూడా లేని చోట వందమందికి వినపడేలా అరుస్తున్నాడు. పిట్ట కొంచెం, కూత ఘనం.

తల్లి వేషం వేసే ఉమారాణి కామారెడ్డిలో టీచరు. సెలవు పెట్టి వచ్చింది. మంచి మనిషి. వనజకు కుర్చీ వేసి, తను కింద కూచుంది.

"ఏమనుకోకండ్రి అక్కా," అంది మెల్లగా. "ఆ రోజు పాపను ఎట్ల పిలిచిన్రో ఒక్కసారి చెప్తరా? పేరు పెట్టి పిలుద్దామంటె అభిలాష్ వద్దంటున్నడు. పేరు లేకుంట పిలిస్తె నాకు ఏడుపు ఒస్తలేదు."

"మా అత్తోళ్ళింట్ల అడివిల ఎవ్వలనూ పేరు పెట్టి పిలువరమ్మా," అంది వనజ. "కట్టెలకు పోయినా గంతే, వంటలకు పోయినా గంతే. పేరు పెడితె గాలి ఇంటదట. ఇన్న పేరును పట్టుకుంటదట. పొద్దుగూకినంక మనం పేరు పెట్టి పిలిస్తె, మనోళ్ళ గొంతు తీసుకొని అదే పలుకుతదట. అందుకే పెద్దోళ్ళయితె ‘ఓ అన్నా’, చిన్నోళ్ళయితె ‘ఓ బిడ్డా’."

"ఆ రోజు గూడ అట్లనేనా?"

"ఆ రోజు గూడ అట్లనే. ఒక్కపారి నా నోట్లకెళ్ళి ‘తా’ అని ఎల్లింది. మా అత్త ఉరికొచ్చి నోరు మూసింది. ‘పేరు చెప్పి పోరిని అడివికి అప్పజెప్తవా?’ అన్నది. అందరం ‘ఓ బిడ్డా’ అనుకుంటనే తిరిగినం."

వనజే లేచి నాలుగడుగులు ముందుకు వేసి, పొదల వైపు తిరిగి, "ఓ బిడ్డా… ఓ బిడ్డా…" అని పిలిచింది. నేర్పడానికి మొదలుపెట్టిన పిలుపు రెండోసారికే నేర్పడం మరిచిపోయింది. డేవిడ్ కెమెరా మీద నుంచి చెయ్యి తీసి తల దించుకున్నాడు. అభిలాష్ ఒక్కడే "గిదే! గిదే కావాలె అక్కా!" అంటూ ఎగిరి గంతేశాడు. వనజ వాడి వంక చూసింది. చిన్నప్పుడు జాతరలో బూర కొనిచ్చినప్పుడు కూడా వాడి ముఖం ఇంతగా వెలగలేదు. సర్లే, పని పిచ్చి అనుకుని కూచుంది.

తర్వాత పిల్ల సీను. కూతురి వేషానికి తాడ్వాయి నుంచి ఎస్తేరు అనే చిన్నదాన్ని తెచ్చారు. రెండు జడలు, ముందర ఒక పన్ను లేదు. తల్లి వచ్చి పక్కనే కూచుని కొబ్బరినూనె రాసి రాసి దాన్ని నిగనిగలాడిస్తోంది. అభిలాష్ పిల్ల ముందు గొంతుకూచుని ఏదో చెవిలో చెప్పాడు. పిల్ల బుద్ధిగా తలూపింది. ఈల మోగింది.

పిల్ల ఒక బండరాయి మీద కూచుంది. కుడికాలు పైకి పెట్టి పట్టగొలుసు విప్పింది. ఎడమకాలిది కూడా విప్పింది. రెండూ గుప్పిట్లో పట్టుకుని ముందుకు చాచింది. కెమెరా పక్క నుంచి ఒక మగ చెయ్యి వచ్చి వాటిని అందుకుంది. చెయ్యి తప్ప మనిషి కనబడని సీను కాబట్టి దానికి వేరే నటుడెందుకని అభిలాషే తన చెయ్యి పెట్టాడు. పిల్ల నోటి మీద వేలుంచుకుని, కిసుక్కున నవ్వి, మోదుగు చెట్టు వెనక పొదలోకి దూరింది. ఉమారాణి వచ్చి "ఓ బిడ్డా" అని పిలిచింది. అటు తిరిగి పిలిచింది, ఇటు తిరిగి పిలిచింది. పొదలో పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, కదలకుండా కూచుంది.

"కట్!" అన్నాడు అభిలాష్.

వనజకు ఆ మాట వినబడలేదు. ఆమె కళ్ళు ఇంకా తమ్ముడి చేతి మీదే ఉన్నాయి.

తార పట్టగొలుసులు ఏమయ్యాయని రెండేళ్ళుగా ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. నీళ్ళలో ఊడిపోయాయన్నారు, ఎవడో దొంగ లాక్కున్నాడన్నారు. వనజకు రెండూ నమ్మబుద్ధి కాలేదు. ఆ గొలుసుల మర గట్టిది. తలంటు రోజున విప్పాలంటే తను పంటితో పట్టి తిప్పాల్సి వచ్చేది. పిల్ల తనంతట తాను విప్పలేదు. నీళ్ళకు ఊడేది కాదు. దొంగ లాగితే కాలికి గీత పడేది, పడలేదు. ఎవరో నిదానంగా కూచుని విప్పాలి. పిల్ల నమ్మి కాలు ఒళ్ళో పెట్టిన మనిషెవరో విప్పాలి. ఈ మాట పోలీసులకు చెబితే రాసుకోలేదు. అత్తకు చెబితే "నీ తప్పు కప్పిపెట్టుకునేటందుకు కతలు" అంది.

వనజ లేచి పొద దగ్గరికి పోయి వంగింది. "ఎందుకు ఇప్పినవ్ బిడ్డా పట్టగొలుసులు?"

"సప్పుడైతె దొరికిపోత గదా పెద్దమ్మా," అంది ఎస్తేరు, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు.

"మరి అమ్మ గంతగనం పిలుస్తుంటె ఎందుకు రాలె?"

"‘ఓ బిడ్డా’ అంటె రావద్దట. సార్ చెప్పిండు. పేరు పెట్టి పిలిస్తెనే రావాలె. ఎవ్వలు పేరు పెట్టి పిలువరంట గదా అడివిల. పేరు పెట్టి పిలిస్తె సార్ పిలిచినట్టు లెక్క. అప్పుడు ఆట ఒడిసినట్టు."

వనజ పొద పట్టుకుని నిలబడింది. ఆ రోజు తను పిలిచిన పిలుపులన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. పిల్లకు వినబడనంత దూరం పోయిందనుకుంది, విని పలకలేని స్థితిలో ఉందనుకుంది, అడవి మింగిందనుకుంది. పిల్ల వింటూ, చెప్పిన మాట జవదాటకుండా, నోరు మూసుకుని కూచుని ఉండొచ్చని మాత్రం ఈ రెండేళ్ళలో ఒక్కరోజూ తట్టలేదు. ఎలా తడుతుంది? అలాంటి ఆలోచన కన్నతల్లికి రాదు. రాకూడదు కూడా.

అభిలాష్ నీళ్ళ సీసా ఎత్తి తాగుతున్నాడు. వనజ పోయి ఆ చెయ్యి పట్టుకుంది. అందరూ చూస్తుండగానే టెంటు వెనక్కి, సామాను తెచ్చిన ఆటో చాటుకు లాక్కుపోయింది.

"గీ సీను నీకు ఎట్ల తోచింది?"

"ఏ సీను?"

"పట్టగొలుసుల సీను."

"ఊహ అక్కా. డైరెక్టర్ అన్నంక…"

"నా బిడ్డ కాళ్ళ మర నువ్వు ఊహల ఇప్పినవా, చేతితోని ఇప్పినవా?"

అబద్ధమాడటానికి కూడా కొంచెం ధైర్యం కావాలి. వాడికి అదీ లేకపోయింది. సీసా మూత పెట్టబోయి, అది పెట్టలేక, మూత జారవిడిచి, దాన్ని వెతుకుతున్నట్టు కిందికి చూస్తూ ఉండిపోయాడు. వనజకు ఇక జవాబు అక్కర్లేకపోయింది. అయినా వాడి నోటితో వినాలనిపించింది.

"చెప్పు," అంది. "తమ్మీ, నన్ను మళ్ళ అడగనియ్యకు."

"ఫోన్ల చిన్న వీడియో తీద్దామనుకున్న అక్కా," అన్నాడు నేలకే. "అడివిల తప్పిపోయిన పిల్ల అని. ఒక్క నిమిషం వీడియో. తారనే చేస్తనన్నది. ‘మామా, గజ్జెలు సప్పుడైతున్నయ్’ అంటె నేనే ఇప్పి జేబుల ఏసుకున్న. ‘నేను పేరు పెట్టి పిలిచేదాక రాకు, ఎవ్వలు పిలిచినా పలుకకు’ అన్న. ఆమె పొదల దూరింది. గప్పుడే బావ కేకేసిండు. సీసాలు ఒడిసినయ్, ఎల్లారెడ్డికి పోయి పట్కరా అన్నడు. రెండు నిమిషాలల్ల ఒస్త గదా అని బండి తీసిన."

"రెండు నిమిషాల్ల ఒచ్చినవా?"

"ఆడ దోస్తులు కలిసిన్రు."

ఇంతే. దీనికోసం రెండేళ్ళు. ఏ దయ్యమూ రాలేదు, ఏ దొంగా రాలేదు. బీరు సీసాలు తేవడానికి పోయినవాడు బజార్లో ముచ్చట పెట్టాడు. వనజకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు, నవ్వు. ఆ నవ్వు చూసి అభిలాష్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"మా అత్త నన్ను నలుగుర్ల నిలవెట్టి తిట్టినప్పుడు నువ్వు ఆడనే ఉంటివి," అంది. "దినాల నాడు మా ఆడిబిడ్డ నా చేతి నీళ్ళు తాగనన్నప్పుడు ఆడనే ఉంటివి. నా పక్కన కూసొని నా ఎన్ను నిమిరినవ్. అప్పుడు నీకు నోరు రాలె?"

"నోట చెప్పను రాలె అక్కా. ఎన్నిసార్లు చెప్దామనుకున్ననో. అందుకే ఈ సినిమా. ఇది నా ఒప్పుకోలు అనుకో. చూసినోళ్ళందరికి తెలుస్తది."

"నాకు చెప్పను నోరు రాలె గని కెమెరాకు చెప్పను ఒచ్చిందా? ఊరూరోళ్ళు చూసినంక, ఆఖర్న నేను టిక్కెట్ కొనుక్కొని చూద్దునా నా బిడ్డ ఎట్ల సచ్చిందో?"

"గట్ల గాదక్కా. బొంబాయిల చిన్న సినిమాలకు పండుగ లెక్క చేస్తరు. ఆడికి పంపుదామని…"

"కథల తప్పు ఎవ్వలిది?"

వాడు కిందపడ్డ సీసా మూతను కాలితో పక్కకు జరిపాడు.

"నీ కథల జనం ఎవ్వల మీద అనుమానపడ్తరు? చెప్పు."

"సస్పెన్స్ ఉండాలె గదా," అన్నాడు వాడు. "సగందాక తల్లి మీదనే…"

చెంప పగిలింది. చిన్నప్పుడు వాడికి అన్నం కలిపి పెట్టిన చెయ్యే అది. ఆ దెబ్బకు టోపీ ఎగిరి ఆటో కింద పడింది. టెంటు వైపు నుంచి ఎవరూ ఇటు రాలేదు.

"సగందాక గాదురా," అంది వనజ. "రెండేండ్లు. నువ్వు కట్ అన్నా ఒడువని రెండేండ్లు. రాత్రి పండితె నా చేతులకెళ్ళి పూరీల నూనె వాసన ఒస్తుండె. ఆ పూరీలు కాల్చకుంటె నా బిడ్డ బతుకుతుండె అనుకొని, రెండేండ్లు మా ఇంట్ల నేను పూరీ చెయ్యలె. నేను దేవునికాడ ఏమని మొక్కిననో ఎర్కేనా? నా తప్పు మన్నించమని మొక్కిన. మా తమ్ముణ్ణి సల్లగ సూడుమని మొక్కిన. ఒక్క నోటితోనే రెండు మొక్కిన."

అభిలాష్ ఆటో చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. ఏడుస్తున్నాడు. నిజమైన ఏడుపే, కాదనడానికి లేదు. కానీ పుండు మీద కారం చల్లినవాడు తన కళ్ళు మండుతున్నాయని ఏడిస్తే ఎవరు ఓదారుస్తారు? వనజ ఓదార్చలేదు. పాత అలవాటుకొద్దీ చెయ్యి మాత్రం ఒకసారి వాడి తల వైపు పోయింది. దాన్ని వెనక్కి లాక్కుని కొంగులో చుట్టేసింది.

"లే," అంది. "ఇప్పుడే పోదాం ఎల్లారెడ్డికి. మా అత్త ముందల, మీ బావ ముందల, గిదే మాట చెప్పు. సినిమ తర్వాత తీసుకో. లేకుంటె తియ్యకు. ముందుగాల నా మీది మన్ను దులుపు."

వాడు లేవలేదు.

"బావ ఒస్తున్నడు," అన్నాడు. "పొద్దున నేనే ఫోన్ చేసిన. అక్క ఒచ్చింది, నువ్వు గూడ రా అన్న. ఇగ నాతోని మోసుడు అయితలేదు అన్న."

"మంచిగైంది. రానియ్యి. ఆయన గూడ ఇంటడు."

"ఆయన ఇననిది ఏం లేదక్కా," అన్నాడు అభిలాష్. "బావకు ఎర్కే."

వనజ ఆ మాటను గుమ్మం దగ్గరే ఆపేసింది. అర్థం కాక కాదు. అర్థమైనదాన్ని లోపలికి రానివ్వడానికి ఇంట్లో చోటు లేదు.

"ఎప్పటిసంది?"

"అదే దినం. ఎల్లారెడ్డిల యాదికొచ్చి నా పాణం ఝల్లుమన్నది. బావకు ఫోన్ చేసిన. ఇంక ఎలుగుండె అక్కా, పొద్దు పోలె. ‘బావా, తార మోదుగు పొదల దాక్కున్నది, పేరు పెట్టి పిలువు, ఒస్తది’ అని చెప్పిన. సరే అన్నడు. నాకు సల్లవడ్డది. ఒచ్చేసరికి మీరందరు లైట్లు పట్కొని తిరుగుతున్రు. పొదల చూస్తె తార లేదు, నాకేం సమజ్ గాలె. బావ నన్ను పక్కకు గుంజుకపోయి, ‘నోరు మెదిపితె మీ అక్క సస్తది’ అన్నడు."

ఆ గోడ! వనజకు ఇప్పుడు ఆ గోడ కనబడింది. వంటింటికి, నడవకు మధ్య, సున్నం పెచ్చులూడిన గోడ. "అన్నం పెట్టమను." "తలుపు ఏసుకొమ్మను." మొగుడు కోపంతో మాట్లాడటం లేదనుకుంది. బిడ్డను పోగొట్టిన దాని ముఖం చూడలేకపోతున్నాడనుకుంది. చూడకపోతే పోయె, ఇంట్లో ఉండనిచ్చాడు, అదే పదివేలనుకుని వడ్డించింది. ఒకసారి కాళ్ళు పట్టుకుంది కూడా. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కుని బయటికి పోయాడు. ఆ రాత్రంతా ఆమె ఆయన మంచితనానికి ఏడ్చింది. ఇప్పుడు దానికి సిగ్గేసింది. ఇంత ఒళ్ళు మండే సిగ్గు ఆమె జన్మలో ఎరగదు.

మట్టిబాట మీద మోటారుసైకిలు చప్పుడైంది. లక్ష్మీరాజం. దుకాణంలో నుంచి అలాగే వచ్చినట్టున్నాడు. వైండింగుకు పూసే వార్నిషు చేతుల మీద ఇంకా ఎర్రగా మెరుస్తోంది. బండి స్టాండు వేసి, ఆటో చాటున ఉన్న ఇద్దరినీ చూశాడు. బావమరిది చెంప మీద అచ్చుపడిన వేళ్ళు చూశాడు. పెళ్ళాం వైపు మాత్రం చూడలేదు.

"ఇంటికి రమ్మను," అన్నాడు అభిలాష్‌తో. "అవ్వ ఎదురు సూస్తుందని చెప్పు."

"గోడ లేదీడ," అంది వనజ.

లక్ష్మీరాజం ఉలిక్కిపడ్డాడు.

"గోడ ఇంటికాడ్నే ఉన్నది. ఈడ నేనే ఉన్న. నాతోనే మాట్లాడు. నీ బావమరిది ఫోన్ చేసినప్పుడు పొద్దు ఉన్నదా, గూకిందా?"

టెంటు వైపు నుంచి ఉమారాణి రెండడుగులు వేసి ఆగిపోయింది. ఎస్తేరును వాళ్ళ అమ్మ ఒళ్ళోకి లాక్కుని చెవులు మూసింది. లక్ష్మీరాజం అటు చూశాడు, ఇటు చూశాడు. ఎటు చూసినా చెట్లే. చివరికి గత్యంతరం లేక, రెండేళ్ళ తర్వాత మొదటిసారి, భార్య ముఖంలోకి చూశాడు. అంత బక్కచిక్కిపోయిందని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియనే తెలియదు.

"ఉండె," అన్నాడు. "పొద్దు ఉండె."

"మరి పోలేదా?"

"పేక పత్తలు ఏసుకుంట కూసున్నం. చేతుల సీసా ఉండె. దాక్కున్నది గదా, ఏడికి పోతది, జెర ఆగి పోదాం అనుకున్న. అంతల నువ్వే లొల్లి వెట్టినవ్ పిల్ల లేదని. అందరు లేసి తలా దిక్కు ఉరికిన్రు. నలుగుర్ల నేను ఏమని చెప్పాలె? తాగుకుంట మరిసిన అని చెప్పాల్నా? నేనే పోయి తోల్కొస్తె అయిపాయె అనుకున్న. ఒక్కణ్ణే పోయిన. అప్పటికి మసక మసక అయ్యింది."

"పోయినవ్," అంది వనజ. ఆ ఒక్క మాట పట్టుకుని పైకి లేస్తున్నట్టుంది ఆమె గొంతు. "పోయి పిలిచినవా?"

"పిలిచిన."

"ఎట్ల పిలిచినవ్? ‘ఓ బిడ్డా’ అని పిలిచినవా?"

"లే." లక్ష్మీరాజం పెదవులు తడుపుకున్నాడు. "పేరు వెట్టే పిలిచిన."

అభిలాష్ చక్రం దగ్గర నుంచి చటుక్కున లేచాడు. వాడి ముఖం చూస్తే ఈ సంగతి వాడికీ కొత్తేనని తెలుస్తోంది. "పేరు పెట్టి పిలిచినవా? మరి నాకు చెప్పలె గదా బావా? పేరు పెట్టి పిలిస్తె తార రాకుంట ఎట్లుంటది?"

లక్ష్మీరాజం మొదలంటూ పెట్టాక ఇక పెళ్ళాం మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

"పలికింది," అన్నాడు.

అభిలాష్ మోదుగు పొద వైపు తిరిగి చూశాడు.

"తార పలికింది వనజా. పొదల నుంచి కాదు, కింది నుంచి, బండల దిక్కు నుంచి. సన్నగ. బిడ్డ మోదుగు పొదల ఉన్నదన్నరు, పలుకుడు నీళ్ళకాడ్నుంచి ఒస్తుంది. చీకటి అయితుంది. తాగి ఉన్న. పేరు వెట్టి పిలిస్తె మనోళ్ళ గొంతుతోని గాలి పలుకుతదని, నా చిన్నప్పటిసంది అవ్వ చెప్పిన మాటే చెవుల పడ్డది." ఆయన రెండు చేతులూ ఎత్తి తన చెవులు మూసుకున్నాడు, ఆనాడు మూసుకున్నట్టే. "గాలే అనుకున్న. ఇట్ల మూసుకొని, ఎనుకకు చూడకుంట ఉరికొచ్చిన."

వనజ ముందుకు నడిచింది. ఆ రెండు చేతులనూ, వార్నిషు మరకల చేతులను, మణికట్ల దగ్గర పట్టుకుని, ఒక్కొక్కటిగా చెవుల మీద నుంచి కిందికి దించింది. ఆయన పసిపిల్లాడిలా దించనిచ్చాడు.

"ఏమన్నది?" అని అడిగింది. "నా బిడ్డ ఏమని పలికింది?"